కొమ్ముకి తేనె పూసిందెవరు?

మే 2, శుక్రవారం

రంగులో ఎవరో నీళ్లు కలిపారు. 'ఎవరో' అని రాయడం దేనికి, ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు కదా. సోరినా కలిపింది.

పొద్దున తమ్ముడు ఇలారియే ఆరు పళ్లేలకి తెల్లపూత వేసి నా బల్ల మీద పెట్టాడు. మొదటిదాని మధ్యలో కోడిపుంజు మొదలుపెట్టాను. ఇరవై మూడేళ్లుగా వేస్తున్న పుంజే, కళ్లు మూసుకున్నా వస్తుంది. ఎద్దుకొమ్ములో గోధుమరంగు పోసి, దాని మొనకున్న పెద్దబాతు ఈక గొట్టంలోంచి సన్నగా జారనిస్తూ మెడ దాకా బాగానే వచ్చాను. తురాయి దగ్గర గీత పక్కకి పోయింది. రంగు పలచబడితే అంతే. గొట్టంలో ఆగదు, తన దారిన తను పోతుంది.

వాణ్ణి పిలిచి చూపించాను. సారె ఆపి, మట్టిచేతులతోనే వచ్చి కొమ్ములోకి తొంగి చూశాడు.

"రంగు బాగానే ఉందక్కా. నిన్నటిదేగా."

"నిన్నటిదైతే ఇలా ఎందుకు పోతుంది?"

"ఏమో. కాసేపాగి వెయ్యి."

"అంటే నాకే చేతకావట్లేదంటావు. ఆడలేక మద్దెల ఓడంటున్నానన్నమాట."

"నేనేమన్నానే తల్లీ!"

అనలేదు నిజమే. కానీ తలుపు వైపు చూశాడు. అక్కడ పాపని చంకనేసుకుని మరదలు నిలబడి ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పాప భుజం మీద లేని దుమ్ము దులిపింది.

సోరినా రాకముందు ఈ ఇంట్లో రంగు చెడిన రోజు లేదు. వచ్చి మూడేళ్లయింది. మూడేళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు కలిపిందంటే, ఇప్పుడు కూతురుంది కాబట్టి. కాళ్లు నిలదొక్కుకుంది.

మే 4, ఆదివారం

చర్చిలో మైనం చేతిమీద పడి కాలింది. పక్కావిడ కొవ్వొత్తి నుంచి నాది అంటించుకోబోతే ఆవిడదే ఆరిపోయింది. తలుపు దగ్గర నిలబడకూడదు, అంతా గాలి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి చూస్తే కొమ్ము తడిగా ఉంది. నేను శనివారం సాయంత్రమే కడిగి, తలకిందులుగా మేకుకి తగిలించి వెళతాను. ఆదివారం ఎవరూ పని చెయ్యరు. ఆ పూట మట్టి ముట్టుకుంటే నాన్న చెయ్యి విరగ్గొట్టేవాడు. మరి తడి ఎలా వచ్చింది?

భోజనాల దగ్గర సోరినా చేతులు చూశాను. పెళ్లికి ముందు రిమ్నిక్‌లో ఆడవాళ్ల గోళ్లకి రంగులేసే పని చేసేది. ఒక్కో గోటి మీద పువ్వులట, సీతాకోకచిలుకలట. తన గోళ్లు మాత్రం ఎప్పుడూ శుభ్రంగా ఉంచుకుంటుంది. ఇవాళ బొటనవేలి గోరు కింద గోధుమరంగు గీత.

"అదేం రంగే, కొత్త ఫ్యాషనా?" అన్నాను.

"కాఫీ ఒలికింది వదినా."

కాఫీ గోరు కిందకి దూరి కూర్చుంటుందా? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే లోకానికి కనబడదనుకుంటుంది.

మే 6, మంగళవారం

పెన్ను బాగాలేదు. అక్షరాలు ఎక్కడికో పోతున్నాయి. కొత్తది కొనాలి. ఇవాళ ఇంతే.

మే 8, గురువారం

జూన్ ఒకటికి మా సఫ్తాకి ఏడాది నిండుతుంది. అమ్మ పేరే పెట్టాం. ఆ రోజు పాపకి బాప్తిస్మమిప్పించిన జ్ఞానమాత వెతూరియా పట్నం నుంచి వచ్చి, పాప తలమీద తియ్యరొట్టె విరుస్తుంది. తర్వాత పళ్లెంలో వస్తువులు పెట్టి ముందుకి తోస్తారు. పాప ఏ మూడు పట్టుకుంటే బతుకు అటు. నేను నా ఏడాదికి దువ్వెన, రొట్టెముక్క, కొమ్ము పట్టుకున్నానట. దువ్వెన ఎందుకో మరి, ఈ జుట్టుతో ఎవరూ నన్ను చేసుకోలేదు. ఇలారియే మట్టిముద్ద పట్టుకుని తినేశాడు.

ఏ వస్తువులు పెట్టాలని ఇవాళ భోజనాల దగ్గర మాటలు. సోరినా వాళ్ల నాన్న నోటిబాజా పెడతానంది. ఆయన పోయి నాలుగేళ్లయింది. పెట్టుకోనీ, వాయించే దిక్కు లేదు ఎలాగూ. అద్దం, పుస్తకం, ఇలారియే కుండలు నునుపు చేసే చెక్కబద్ద.

"వదినా, మన కొమ్ము కూడా పెడదామా?" అంది.

చెంచా కింద పెట్టేశాను. నా కొమ్ము 'మన' ఎప్పుడైంది? అది మా నాయనమ్మది, తర్వాత అమ్మది, తర్వాత నాది. కిటికీ పక్క ఆ కుర్చీ కూడా అంతే. ఒకరి తర్వాత ఒకరు. మధ్యలో గోళ్లరంగుల వాళ్లు లేరు.

"పసిపిల్ల నోట్లో పెట్టుకుంటుంది. వద్దు," అన్నాను.

"ఈకగొట్టం తీసేసి పెడదాం వదినా."

చూశావా, జవాబు ముందే సిద్ధం చేసుకుంది. ఇలారియే ఏమో సూప్‌లో ముఖం పెట్టి కూర్చున్నాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడు మాట్లాడకుండా ఉన్నాడంటే ఏదో ఉంది.

ఇంతలో వెతూరియా ఫోన్. పాపకి తన బహుమతిగా ఒక పళ్లెం కావాలట, మధ్యలో పుంజు, కింద పాప పేరు. "ఫిలోఫ్తేయా, నీ చేత్తోనే వెయ్యాలి సుమా, ఇంకెవరి చెయ్యీ వద్దు," అంది. ఫోన్ పెద్దగా వినిపించేలా పెట్టాను. అందరూ వినాలి కదా.

మే 10, శనివారం

వెతూరియా పళ్లెం వేశాను. రంగు నేనే స్వయంగా నూరాను, నేనే కలిపాను, మూత పెట్టి పక్కనే కూర్చున్నాను. ఎవరూ దగ్గరికి రాలేదు.

తోక ఏడు ఈకల్లో నాలుగోది ఐదోదానిలో కలిసిపోయింది. పేరులో చివరి అక్షరం కిందకి జారింది.

తెల్లపూత ఎక్కువ తడిగా ఉన్నట్టుంది. ఇలారియే పని ఈ మధ్య ఏమీ బాగాలేదు. వెనక నా గుర్తు పెట్టి, గుడ్డ కప్పి, తలనొప్పని చెప్పి వెళ్లి పడుకున్నాను. తలనొప్పి నిజంగానే ఉంది.

మే 13, మంగళవారం

సోరినా నాకు కాఫీ సగం కప్పే ఇస్తోంది. నాలుగైదు రోజులుగా గమనిస్తున్నాను. ఇలారియేకి నిండా, నాకు సగం. అడిగితే, "మళ్లీ వేడివేడిగా పోస్తాను వదినా" అంటుంది. నా ఇంట్లో నాకు కాఫీ కొలిచి పోసే రోజులొచ్చాయి.

ఆవంలో కాలిన పళ్లేలు దించారు. ఆ మొదటి వారం పళ్లేలన్నీ బాగా వచ్చాయి. పుంజులు నిటారుగా, తురాయిలు చక్కగా. తురాయి వంకరపోయిన పళ్లెం మాత్రం కనబడలేదు.

"అదా? పగిలిందక్కా," అన్నాడు ఇలారియే.

"పెంకులేవి?"

"పారేశాను."

పోనీలే. మిగతావి నేను అనుకున్నదానికంటే బాగున్నాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఏదో వంకరగా కనిపిస్తుంది, నిప్పులో సర్దుకుంటుంది. నిప్పు అన్నీ సరిచేస్తుందని నాన్న అనేవాడు. అన్నాడనే గుర్తు.

మే 16, శుక్రవారం

దొరికింది.

పాపని ఆడించమని సోరినా తన ఫోన్ నాకిచ్చి బట్టలు ఆరెయ్యడానికి వెళ్లింది. పిల్లుల బొమ్మలు చూపిద్దామని వేలితో తోశాను. పిల్లులు కాదు. నా పుంజులు! ఇరవై, ముప్పై ఫోటోలు. తురాయి దగ్గరగా ఒకటి, తోక దగ్గరగా ఒకటి, కొమ్ము పట్టుకున్న నా వేళ్లు కూడా. నేను పని చేస్తుంటే వెనక నుంచి తీసింది. మూడు తరాల పుంజు, ఫోన్‌లో దొంగిలించుకుపోయింది!

ఫోన్ బల్లమీద పెట్టి పాపని ఎత్తుకుని పెరట్లోకి వెళ్లాను. ఆరేసిన దుప్పటికి అవతల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"ఎన్నాళ్లిలా? చెప్పెయ్యాలి," అంటున్నాడు నా తమ్ముడు.

"పుట్టినరోజు కానివ్వు. ఆవిడ సంతోషం చెడగొట్టొద్దు," అంది ఆమె.

"తర్వాత ఇంకో సాకు చెబుతావు."

"తర్వాత నేనే చెబుతాను. నువ్వు చెబితే మొరటుగా చెబుతావు."

పాప నా చెవి పట్టుకు లాగి కేక పెట్టింది. వాళ్లు ఆగిపోయారు.

నేనే పెంచాను వాణ్ణి. పదహారేళ్లు పెద్దదాన్ని. జ్వరం వస్తే నా ఒళ్లోనే పడుకునేవాడు. ఇప్పుడు నన్ను కుర్చీలోంచి ఎలా లేపాలో దుప్పటి చాటున మాట్లాడుకుంటున్నాడు.

మే 17, శనివారం

పుట్టినరోజు అయ్యాక చెబుతారట.

అమ్మ చివరి సంవత్సరాల గురించి ఇక్కడ రాయను.

మే 22, గురువారం

కొమ్ము దాచాను. పని అవగానే పిండి డబ్బాలో, పిండి కిందకి. ఇవాళ మధ్యాహ్నం పడుకుని లేచేసరికి సోరినా వంటింట్లో ఊరికే తిరుగుతోంది.

"ఏం వెతుకుతున్నావే?"

"జల్లెడ వదినా."

జల్లెడ గోడకి వేలాడుతోంది, దాని ముక్కు ముందే.

తర్వాత ఆలోచించాను. దాస్తే ఎన్నాళ్లు దాస్తాను? ఇంతకంటే మంచి దారి ఉంది. కొమ్ము పళ్లెంలో పెట్టనిస్తాను. జ్ఞానమాత ఎదుట, అందరి ఎదుట, సఫ్తా దాన్ని పట్టుకోవాలి. పట్టుకుంటే ఇక అది సఫ్తాది. నా తర్వాత సఫ్తా, మధ్యలో ఎవరూ లేరు. వాళ్లమ్మ కూడా నోరెత్తలేదు. పాపకి పదిహేనేళ్లు వచ్చేదాకా ఆ కుర్చీలో నేనే ఉంటాను. అప్పటికి నాకు డెబ్బై మూడు. మా నాయనమ్మ డెబ్బై ఆరు దాకా వేసింది. అమ్మ సంగతి వేరు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాళ్లం మేమూ ఉన్నాం.

మే 31, శనివారం

రొట్టె కాల్చాం. సోరినా పిండి పిసికింది, నేను పైన పిండితో జడ అల్లాను. సగంలో ఆమె వచ్చి, "మీరు కూర్చోండి వదినా, మిగతాది నేనల్లుతాను" అని నా చేతిలోంచి తీసుకుంది. రొట్టె మీద జడ కూడా నాకు దక్కకూడదు!

"కొమ్ము రేపు పెట్టు. ఒప్పుకుంటున్నాను," అన్నాను.

ముఖం వెలిగిపోయింది. నన్ను కౌగిలించుకుంది కూడా. ఏమి నటన.

పళ్లెం సర్ది అల్మారాలో పెట్టాం. ఆమె పాపకి స్నానం చేయిస్తుండగా నేను అల్మారా తీసి, కొమ్ము సన్నటి మొనకి కొంచెం తేనె పూశాను. మా సఫ్తాకి తేనె అంటే ప్రాణం. ఇందులో పాపమేమీ లేదు. పసిపిల్లకి దారి చూపించడమే.

జూన్ 1, ఆదివారం

అయింది. రేపు రాస్తాను. ఆ పళ్లెం గురించి కూడా రేపే.

జూన్ 2, సోమవారం

మొదటి నుంచి రాస్తాను, లేకపోతే నాకే అర్థం కాదు.

చర్చి నుంచి వచ్చాక వాకిట్లో దుప్పటి పరిచి పాపని కూర్చోబెట్టాం. వెతూరియా ఎర్రటి టోపీ ఒకటి పెట్టుకుని వచ్చింది, పాప దాన్ని చూసి ముందు ఏడ్చింది. తలమీద రొట్టె విరిచింది. పిండి రాలి జుట్టంతా పడింది. ముక్కలు తేనెలో ముంచి అందరం తిన్నాం. తర్వాత పళ్లెం తెచ్చి ముందు పెట్టారు. నేను ముందుకి జరిగి పాప ఎదురుగా కూర్చున్నాను.

సఫ్తా మొదట అద్దం తీసుకుంది. "అమ్మ పోలిక!" అన్నాను. అందరూ నవ్వారు, సోరినా కూడా. తర్వాత చెయ్యి నోటిబాజా మీదుగా వెళ్లి, తిన్నగా కొమ్ము మీద పడింది. రెండు చేతులా పట్టుకుని నాకడం మొదలుపెట్టింది. ఇలారియే చప్పట్లు కొట్టాడు. నేను లేచి నిలబడి అరిచాను, ఏమని అరిచానో తెలియదు. మూడోది చెక్కబద్ద. అది ఎవరికీ పట్టలేదు.

కొమ్ముని పాప నోట్లోంచి తీసి తుడవబోయాను. నేను తేనె పూసింది మొన దగ్గర. మొదలు దగ్గర, రంగు పోసే వెడల్పు వైపు కూడా జిగటగా ఉంది. వేలితో తీసి నాకి చూశాను. తేనె!

ఎవరు పూశారు? పాప కొమ్ము పట్టుకోవాలని నాకుండాలి. ఇంకెవరికి ఉంటుంది? సోరినా వైపు చూశాను. నేలచూపులు చూస్తోంది. సరే, కూతురి పేరు చెప్పి తీసుకోవాలని చూస్తోంది, మైనరు ఆస్తికి తల్లే కాపలా అని. ఇది రాస్తుంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తోంది, కానీ నిన్న మధ్యాహ్నం దాకా నేను అనుకున్నది ఇదే.

తర్వాత కారెక్కి ఏటి ఒడ్డు పచ్చికకి వెళ్లాం. ఇలారియే బొగ్గులు రాజేసి మాంసం ముద్దలు కాల్చాడు. బహుమతులు ఇచ్చాం. ఇలారియే మట్టితో పిట్ట చేశాడు, ఊదితే కూస్తుంది. పాప దాని తోక కొరికింది. సోరినా వాళ్ల నాన్న నోటిబాజా పాప ఒళ్లో పెట్టి, అటు తిరిగి కూర్చుంది. నేను అమ్మ తలగుడ్డ ఇచ్చాను, అంచుకి పూసలు కుట్టినది. పాప తలకి కట్టబోతే ముడి పడలేదు. సోరినా వచ్చి కట్టింది. అమ్మ పోలిక ఉంది పాపలో, ముక్కు దగ్గర.

అప్పుడు వెతూరియా సంచీలోంచి కాగితాల పొట్లం తీసింది.

"ఇది నా బహుమతే కానీ నాది కాదు, బంగారూ. మీ మేనత్త చేత్తో వేసింది. మొన్న ఇలారియే తెచ్చిచ్చినప్పుడు మా వీధంతా తిప్పి చూపించాను. యాభై తొమ్మిదేళ్ల చెయ్యి ఇది, గీత చూడండీ అని!"

పళ్లెం నా ఒళ్లోకి వచ్చింది.

పుంజు నిటారుగా ఉంది. తురాయికి ఐదు మొనలు. తోకలో ఏడు ఈకలు, దేనికది విడిగా, వెంట్రుకంత సన్నగా, ఎక్కడా తెగకుండా. కింద సఫ్తా పేరు, ఒక్క అక్షరమైనా కిందకి జారలేదు. తిప్పి చూశాను. వెనక నా గుర్తు, మూడు చుక్కలు, ఒక చిన్న అలగీత.

నేను వేసిన పళ్లెం ఇది కాదు. ఆవం కలిసిపోయిన ఈకల్ని విడదీయదు. జారిన అక్షరాన్ని పైకెక్కించదు. పుట్టినప్పటి నుంచి ఆవం పక్కన బతికినదాన్ని, నాకు తెలియదా? తెలుసు. మే పదమూడున కూడా తెలుసు.

"ఏం ఫిలా, నీ పని చూసి నీకే కళ్లల్లో నీళ్లొచ్చాయా?" అంది వెతూరియా.

"పొగ," అన్నాను.

తిన్నాక గిన్నెలు కడగడానికి సోరినా ఏటి దగ్గరికి వెళ్లింది. వెనకే వెళ్లాను. పక్కన కూర్చున్నాను. ఏం అడగాలో తెలియక, తిట్టే గొంతుతోనే అడిగాను.

"ఏడు ఈకలు ఎవరు నేర్పారే నీకు?"

ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది.

"మీరే వదినా. మీ వెనక నిలబడి చూశాను. ఫోటోలు తీసుకున్నాను. మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడూ, ఆదివారం చర్చికెళ్లినప్పుడూ వేసేదాన్ని."

"ఆదివారం పూట మట్టి ముట్టుకున్నావా!"

"ముట్టుకున్నాను. దేవుడు క్షమిస్తాడులెండి, నాకు అంతకంటే టైం దొరకలేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఫిబ్రవరి నుంచి."

"ఎన్ని?"

"లెక్కపెట్టలేదు వదినా. మీరు బాగా వేసినవి అలాగే ఉంచేవాళ్లం. మిగతావి తడిగుడ్డతో తుడిచేసి, మళ్లీ పూత వేసి..."

"వెనక నా గుర్తెందుకు పెట్టావు?"

"మరి పుంజు మీదే కదా. నాదెక్కడిది?"

ఏరు చప్పుడు చేస్తూనే ఉంది. నేను కుడిచేతిని నీళ్లలో పెట్టాను. నీళ్లలో ఉంటే కనబడదు.

"పుట్టినరోజు అయ్యాక చెబుదామన్నది ఏమిటి?"

"మీరు విన్నారా?" తల పట్టుకుంది. "డాక్టర్ గురించి వదినా. రిమ్నిక్‌లో మంచాయన ఉన్నాడు. నా దగ్గరికి గోళ్లకి వచ్చే ఒకావిడ వాళ్లమ్మని అక్కడికే తీసుకెళ్లింది, మందు వేసుకుంటే చాలా నయమట. ఇలారియే మూడు నెలలుగా చెప్పెయ్యమంటున్నాడు. నాకే ధైర్యం చాల్లేదు. రంగు బాగానే ఉంది వదినా అని ఒక్కసారి అన్నందుకే మీరు వారం రోజులు నాతో మాట్లాడలేదు."

"నువ్వే నీళ్లు కలిపావనుకున్నాను."

"తెలుసు."

"నా కుర్చీ కావాలనుకుంటున్నావనుకున్నాను."

"అదీ తెలుసు. అందుకే కొమ్ముకి తేనె పూశాను. పాపకి వెళ్లిందంటే, ఇక నేను లాక్కుంటానన్న భయం మీకుండదని."

ఆమె మళ్లీ గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక నేనూ ఒకటి తీసుకుని తుడిచాను. జారింది. ఆమె పట్టుకుంది.

జూన్ 3, మంగళవారం

అమ్మ గురించి రాస్తాను.

నాకు ముప్పై ఆరేళ్లు, అమ్మకి యాభై ఏడు. ఆ ఏడాది ఆమె గీతలు పక్కకి పోవడం మొదలైంది. నాన్నకి కనబడలేదు, కనబడినా చెప్పలేదు. నాకు కనబడింది. పదిహేనేళ్లుగా అమ్మ వెనక నిలబడి, ఎప్పుడు ఆ కుర్చీ వస్తుందా అని చూస్తున్నదాన్ని, నాకు కనబడదా? బుఖారెస్ట్ నుంచి పళ్లేలు కొనడానికి మనుషులొచ్చిన రోజు, వాళ్ల ముందు, అమ్మ పుంజు మెడ దాకా వేసి ఆగినప్పుడు, "ఇటివ్వమ్మా, నీకిక చేతకాదు" అని కొమ్ము తీసుకున్నాను. తురాయి నేను వేశాను. వాళ్లు మెచ్చుకున్నారు.

అమ్మ లేచి వెళ్లింది. ఆ తర్వాత బతికిన ఎనిమిదేళ్లూ తడిగుడ్డతో కుండలు తుడిచింది. ఒక్క మాట అనలేదు. ఒక చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని, గుమ్మంలో కూర్చుని, నేను వేస్తుంటే చూసేది. నేనెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు.

నేను అమ్మకి చేసింది నాకు ఇంకొకరు చేస్తారని కాచుకుని కూర్చున్నాను. ఎవరూ చెయ్యలేదు. నేను దొంగ అనుకున్న మనిషి, నాలుగు నెలలు నా పేరు వెనక దాక్కుని నా పని చేసింది. తిట్లు తింటూ చేసింది.

మధ్యాహ్నం పడుకోలేదు. సోరినాని పిలిచి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చోనంది. "కూర్చోవే, బతిమాలించుకోకు," అన్నాను. ఇలారియే సారె ఆపి గుడ్లప్పగించి చూశాడు. "నీ పని నువ్వు చూసుకో, పూత ఎక్కువ తడిగా వేస్తున్నావు," అన్నాను వాణ్ణి.

ఆమె పుంజు వేస్తుంటే వెనక నిలబడ్డాను. చెయ్యి మంచిది. తోక మాత్రం వాలిపోతోంది.

"ఇంకా పైకి. పుంజది, తడిసిన కోడిపెట్ట కాదు."

"ఇలాగా?"

"ఇంకా. గోళ్లమీద పువ్వేస్తున్నట్టు ముద్దుగా వెయ్యకు. పొగరుండాలి."

"మీలాగా అన్నమాట," అంది, తల తిప్పకుండా.

నవ్వొచ్చింది. నవ్వి, వెంటనే ఏడ్చాను. సఫ్తా దుప్పటి మీద కూర్చుని మట్టిముద్ద తినేస్తోంది, ఎవరూ చూడలేదు.

జూన్ 5, గురువారం

ఇవాళ నా చేత్తో రెండు వరసలు రాసి కొట్టేశాను. పెన్ను కొత్తదే.

నేను చెబుతుంటే ఇక్కడి నుంచి సోరినా రాస్తోంది. వెనక పేజీలు తిప్పనని పాప మీద ఒట్టు వేసింది. నాకు నమ్మకం లేదు. ఈ మాట కూడా రాయమన్నాను. నవ్వుతూ రాస్తోంది. ఎప్పుడైనా తిప్పితే, తిప్పుకోనీ. నేను రాసినవన్నీ నేను రాసినవే.

రేపు రిమ్నిక్ వెళుతున్నాం, పదకొండు గంటలకి. డాక్టర్‌కి ఏం చెప్పాలో ముందే రాసిపెట్టుకుంటే మంచిదని సోరినా అంది. అక్కడ కూర్చున్నాక నేను రంగు గురించీ గాలి గురించీ చెబుతానని దాని అనుమానం. దానికి కూడా నా అనుమానాలు అంటుకున్నాయి.

సరే, చెబుతున్నాను. ఎప్పటి నుంచీ అంటే, కిందటి శీతాకాలం నుంచి. కుడిచెయ్యి. ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ. కాఫీ నిండా పోస్తే ఒలుకుతుంది.

సోరినా పెన్ను ఆపింది. ఇంతవరకు చాలు వదినా, మిగతాది ఆయనే అడుగుతాడులే అంటోంది.

చాలదు. ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో ఆ ఒక్క మాట తప్ప అన్నీ రాశాను. అమ్మని ఆ మాట నేను అననివ్వలేదు, నా మాటే ముందు పడింది. నా విషయంలో నేనే అనాలి. రాయవే, అక్షరాలు చక్కగా రాయి: నా చెయ్యి వణుకుతోంది.